కుడిచెయ్యి వాడని నాలుగు నెలల బాబు: పుట్టిన రెండో రోజు స్ట్రోక్, ఏడాదిలోపే చేతి శిక్షణ (కేస్ స్టడీ)

నెలలు నిండి, 2.9 కిలోల బరువుతో, మామూలు కాన్పులో పుట్టిన మగబిడ్డ. పుట్టగానే ఏడ్చాడు, పాలు పట్టాడు. రెండో రోజు రాత్రి కుడిచెయ్యి, కుడికాలు ఒకే లయలో కొట్టుకోసాగాయి. చేత్తో అదిమి పట్టుకున్నా ఆగలేదు. పసిబిడ్డల మామూలు వణుకు పట్టుకుంటే ఆగిపోతుంది, ఫిట్స్ ఆగవు. ఆ తేడా తెలిసిన నర్సు ఉండటం ఈ బిడ్డకు కలిసొచ్చింది. కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఫీనోబార్బిటాల్ అనే ఫిట్స్ మందు ఎక్కించారు. నాలుగో రోజు తీసిన ఎంఆర్‌ఐలో మెదడులో ఎడమ మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే రక్తనాళం రక్తం అందించే ప్రాంతంలో ఇన్‌ఫార్క్ట్, అంటే రక్తం అందక దెబ్బతిన్న చోటు, కనిపించింది. అదే స్ట్రోక్. గుండె స్కాన్‌లో లోపమేమీ లేదు. పదకొండో రోజు ఇంటికి పంపారు. మూడు నెలలకు న్యూరాలజిస్టు ఫిట్స్ మందు ఆపేశారు.

డిశ్చార్జి కాగితం మీద మందు మోతాదు, టీకాల తేదీలు, నెల తర్వాత రమ్మన్న మాట ఉన్నాయి. చేతుల కదలిక గమనించమని గానీ, ఫిజియోథెరపిస్టుకు చూపించమని గానీ ఒక్క ముక్క లేదు. దెబ్బ తగిలింది మెదడులో ఎడమ సగానికని స్కాన్‌లో స్పష్టంగా ఉన్నప్పుడు, కుడి సగాన్ని కనిపెట్టి ఉండమని చెప్పడానికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు.

మా థెరపీ సెంటర్‌కు వచ్చేసరికి బాబుకు నాలుగు నెలల పది రోజులు. ఊరు నల్లగొండ జిల్లాలో. గుర్తుపట్టే మిగతా వివరాలు మార్చాం. కుడి పిడికిలి విప్పడం లేదని తల్లి గమనించి నెల దాటింది. “వాళ్ళ తాత లెక్కనే ఎడమచేతి వాటం గాడు” అని ఇంట్లో పెద్దవాళ్ళు సర్ది చెప్పారు. ఈ మాట మేము చాలా కుటుంబాల్లో విన్నాం కాబట్టి గట్టిగా చెప్తున్నాం: ఏడాదిలోపు పిల్లలకు చేతివాటం ఉండదు. మొదటి పన్నెండు నెలల్లో బిడ్డ ఎప్పుడూ ఒకే చెయ్యి చాపుతున్నాడంటే ఆ చేతిలో గొప్పతనం ఏమీ లేదు, రెండో చేతిని పరీక్షించాలి.

మొదటి రోజు పరీక్ష

బాబు పాలు తాగి ముప్పావుగంట అయ్యాక, మెలకువగా, హాయిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. ముందు ముట్టుకోకుండా వీడియో. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, డయపర్ మీదే ఉంచి, బొమ్మ, పాలపీక, పలకరింపు ఏమీ లేకుండా ఐదు నిమిషాలు పైనుంచి తీశాం. జనరల్ మూవ్‌మెంట్స్ అసెస్‌మెంట్ అంటే ఇదే. మామూలుగా ఎదిగే బిడ్డలో తొమ్మిదో వారం నుంచి ఇరవయ్యో వారం దాకా మెడ, నడుము, కాళ్ళు, చేతుల్లో చిన్నచిన్న గుండ్రటి కదలికలు ఎడతెగకుండా కనిపిస్తాయి. వాటిని ఫిడ్జెటీ కదలికలంటారు. ఈ బాబు పద్దెనిమిదో వారం దాటాడు, అంటే ఆ కిటికీ మూసుకునే ముందు దొరికాడు. మెడలో, నడుములో, ఎడమవైపు ఆ కదలికలు బాగున్నాయి. కుడివైపు బాగా పలచబడ్డాయి. కుడి మణికట్టు తిరగడం, వేళ్ళు ఒక్కొక్కటిగా కదలడం వీడియో మొత్తంలో కనిపించలేదు.

తర్వాత హామర్‌స్మిత్ శిశు నరాల పరీక్ష. ఇందులో 26 అంశాలు, మొత్తం 78 మార్కులు. బాబుకు 54 వచ్చాయి. మొత్తం మార్కు ఒక్కటే చూసి ఆగకూడదు. కుడి ఎడమల మధ్య తేడా ఎన్ని అంశాల్లో ఉందో విడిగా లెక్కపెట్టాలి. ఐదు, అంతకు మించి ఉంటే ఒకవైపు పక్షవాతం వైపు చూపు మళ్ళాలి. ఇక్కడ ఏడు ఉన్నాయి. కుడి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. అరచేతిలో వేలు పెడితే తెలియకుండానే బిగించి పట్టే పసితనపు ప్రతిచర్య ఎడమచేతిలో పోయింది, కుడిచేతిలో ఇంకా గట్టిగా ఉంది. కుడి భుజం వెనక్కి లాగినట్టు ఉంది. కుడి పాదం తన్నులు ఎడమకాలి తన్నులలో సగం కూడా లేవు. ఎర్ర బంతిని నెమ్మదిగా తిప్పితే రెండువైపులా చూశాడు. ఇది కచ్చితంగా చూడాల్సిన అంశం: ఈ రకం స్ట్రోక్‌లో కుడివైపు చూపు కూడా దెబ్బతినవచ్చు. కనపడని వైపు బొమ్మ పెట్టి, చెయ్యి చాపడం లేదని రాసుకుంటే ఆ నివేదిక మొత్తం తప్పే.

చివరగా హ్యాండ్ అసెస్‌మెంట్ ఫర్ ఇన్‌ఫెంట్స్. మూడు నుంచి పన్నెండు నెలల పిల్లలకు, ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాళ్ళు మాత్రమే చేసేది. పది పదిహేను నిమిషాల ఆటను వీడియో తీసి తర్వాత మార్కులు వేస్తారు. ఒక్కో చేతికి 24 మార్కులు. కుడికి 5, ఎడమకి 14.

ఎంఆర్‌ఐ, కదలికల వీడియో, హామర్‌స్మిత్ మూడూ ఒకే మాట చెప్తున్నప్పుడు ‘ఏడాది దాకా చూద్దాం’ అనడానికి కారణం లేదు. సెరిబ్రల్ పాల్సీ (పసి మెదడుకు తగిలిన దెబ్బవల్ల కదలికలు దెబ్బతినే స్థితి) వచ్చే అవకాశం ఎక్కువ, ఒకవైపు రకం అని ఆ రోజే తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాం. ఈ రకంలో దాదాపు అందరు పిల్లలూ తమంతట తాము నడుస్తారన్న మాట కూడా అదే వాక్యం వెంట చెప్పాం. పక్షవాతం అన్న మాట విన్న తండ్రి అడిగిన మొదటి ప్రశ్న అదే కాబట్టి.

ఎందుకు ఇంత తొందర

పుట్టినప్పుడు మెదడులో ఒక్కో సగం నుంచి వెన్నుపాములోకి రెండువైపులకూ నరాల దారులు దిగుతాయి. మొదటి రెండేళ్ళలో అవతలి వైపు వెళ్ళే దారులు బలపడతాయి, అదే వైపు దిగేవి చాలావరకు వెనక్కి తగ్గుతాయి. ఏ దారి నిలవాలో ఏది తగ్గాలో వాడకమే తేలుస్తుంది. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్‌కు చెందిన జానెట్ ఐర్ బృందం స్ట్రోక్ వచ్చిన శిశువుల మీద చేసిన అధ్యయనాల్లో చూపించింది ఇదే. దెబ్బతిన్న ఎడమ సగం నుంచి కుడిచేతికి దిగే దారులు పని లేక బలహీనపడుతుంటే, బాగున్న కుడి సగం నుంచి అదే కుడిచేతికి దిగే దారులు ఆ చోటు ఆక్రమిస్తాయి. అలా వచ్చిన చేతికి పట్టు ఉంటుంది గానీ వేళ్ళ నేర్పు తక్కువగా ఉంటుంది.

కాబట్టి ఈ నెలల్లో కుడిచెయ్యి తన పని తాను చెయ్యాలి. మేము కదిపితే వచ్చేది ఇది కాదు. చూపు బొమ్మ మీద పడి, కావాలనిపించి, చెయ్యి వెళ్ళి, తగిలి, శబ్దం వచ్చి, మళ్ళీ చెయ్యాలనిపించాలి. ఈ గొలుసు మొత్తం బిడ్డ లోపలి నుంచి రావాలి. చెయ్యి పట్టి ముప్పైసార్లు పైకీ కిందికీ ఆడించే పాత పద్ధతి కీలు బిగుసుకోకుండా కొంత పనికొస్తుందేమో గానీ, చెయ్యి వాడటం నేర్పదు.

మేము ఎంచుకున్న పద్ధతి బేబీ సీఐఎంటీ (కన్‌స్ట్రెయింట్ ఇండ్యూస్డ్ మూవ్‌మెంట్ థెరపీ), అంటే బాగున్న చేతిని కాసేపు ఆపి బలహీనమైన చేతిని వాడించే శిక్షణ. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఆన్-క్రిస్టిన్ ఎలియాసన్ బృందం రూపొందించింది. బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు, ఆరు వారాలు. తర్వాత ఆరు వారాల విరామం, మళ్ళీ ఆరు వారాలు. చేసేది తల్లిదండ్రులు, వారానికోసారి థెరపిస్టు చూసి సరిదిద్దుతారు. రెండు విడతలూ కలిపి 36 గంటలు. 2018లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు ఈ శిక్షణ, కొందరికి మర్దన ఇచ్చి పోల్చారు. బలహీనమైన చేతి పనితీరు శిక్షణ పొందినవాళ్ళలో ఎక్కువ మెరుగైంది. నూనె మర్దనే వైద్యమని నమ్మే మన ఇళ్ళకు ఈ పోలిక తెలియాలి.

మెదడు రెండువైపులా దెబ్బతిన్న పిల్లలకు, ముఖ్యంగా పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక రెండు చేతులూ రెండు కాళ్ళూ బిగుసుకున్నవాళ్ళకు, ఈ తొడుగు పద్ధతి వర్తించదు. వాళ్ళకూ సొంత కదలికే మూలసూత్రం, కానీ పాలు మింగడం, మెడ, చూపు ముందు వరసలోకి వస్తాయి.

తొడుగు, బొమ్మలు, చోటు

తొడుగు అంటే కాటన్ మేజోడే. పాత పంచె ముక్కతో సంచిలా కుట్టినా సరిపోతుంది. లోపల వేళ్ళు మడత పడకుండా వదులుగా ఉండాలి, మణికట్టు దగ్గర మెత్తటి పట్టీతో ఆపాలి, పట్టీ కింద పెద్దవాళ్ళ చిటికెనవేలు దూరాలి. రబ్బరు బ్యాండు, దారం ముడి వద్దు. దారపు పోగు లోపలి వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది కాబట్టి మేజోడును లోపలి వైపు తిప్పి వేలాడే పోగులు కత్తిరించాలి. చేతిని కట్టెయ్యడం, చీరకొంగులో బిగించడం ఎప్పుడూ చెయ్యకూడదు. తొడుగున్న చెయ్యి కదలాలి, బరువు మోపాలి, బొమ్మను తాకాలి. పట్టుకోవడం ఒక్కటే కుదరకూడదు. ఆ అరగంట తప్ప మిగతా రోజంతా ఎడమచెయ్యి స్వేచ్ఛగా ఉండాలి. ఎదిగే వయసులో బాగున్న చేతిని ఎక్కువసేపు ఆపితే దాని నరాల దారులే దెబ్బతినవచ్చని పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలు హెచ్చరించాయి. అందుకే ప్రతి పరీక్షలోనూ ఎడమచేతి మార్కులు కూడా తీశాం.

బొమ్మల విషయంలో తప్పు చేసేది బరువు దగ్గర. దుకాణంలో దొరికే గిలక్కాయలు చాలావాటికి పిడి లావు, బరువు ఎక్కువ. ఈ వయసులో బలహీనమైన చేతికి ఒక సెంటీమీటరు మందం పిడి, 20 నుంచి 30 గ్రాముల బరువు చాలు. వంటింటి తూకం మీద తూచి ఎంచాం. ఏటికొప్పాక గిలక ఒకటి ఇందులో సరిగ్గా కుదిరింది. అంకుడు కర్ర తేలిక, లక్కపూత నున్నగా ఉంటుంది, నోట్లో పెట్టుకున్నా ఆకుపసర్ల రంగులు కాబట్టి భయం తక్కువ. అయితే అంచులు విరిగాయా అని రోజూ చూడాలి. ప్లాస్టిక్ గాజులు రెండు కలిపి గుడ్డ చుట్టి కుట్టినవి, పొడుగాటి స్పాంజి ముక్క, గరగరలాడే కాగితం లోపల పెట్టి కుట్టిన గుడ్డ కూడా పెట్టాం. గాజు గాజులు వద్దు. నాలుగు సెంటీమీటర్ల కన్నా చిన్నదేదీ బాబుకు అందే చోట ఉండకూడదు. మువ్వలు కుడి మణికట్టుకు కడతామని అమ్మమ్మ అడిగింది. ఆలోచన మంచిది, చెయ్యి కదిలితే శబ్దం వస్తుంది. కానీ ఊడివచ్చే మువ్వ గొంతులో పడుతుంది. గుడ్డ లోపల కుట్టేసి కట్టించాం.

ఏ సమయంలో చెయ్యాలన్నది పెద్ద చర్చ అయింది. మన ఇళ్ళలో నలుగు పెట్టి, కాగిన నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేశాక బిడ్డ రెండు మూడు గంటలు ఒళ్ళెరగని నిద్ర పోతాడు. స్నానానికి ముందు ఆకలి, తర్వాత నిద్ర. కాబట్టి ఆ నిద్ర లేచి, పాలు తాగిన ముప్పావుగంటకు మొదటి పది నిమిషాలు. సాయంత్రం ఒక పది, తండ్రి పనినుంచి వచ్చాక ఒక పది. అరగంట ఒకే దెబ్బకు చెయ్యించాలని ఎక్కడా లేదు. నాలుగు నెలల బిడ్డకు అది సాధ్యం కాదు కూడా.

స్నానం మానమని మేము చెప్పలేదు. కాళ్ళు చాపి కూర్చుని బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టడం మెడకూ భుజాలకూ మంచి పని పెడుతుంది. అందులో రెండు మార్పులు చెప్పాం. బోర్లా ఉన్నప్పుడు కుడిచెయ్యి పొట్ట కింద చిక్కుకోకుండా ముందుకు తెచ్చి ఉంచాలి. చేతులు అడ్డంగా వేసి గుంజడం, ఒక చేతిని ఎదుటి కాలికి తాకించి లాగడం ఆపాలి. పట్టు లేని భుజం కీలు ఆ లాగుడు తట్టుకోదు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వద్దు. చీర ఉయ్యాల నిద్రకు మాత్రమే. అందులో భుజాలు రెండూ ముందుకు ముడుచుకుంటాయి, మెలకువగా ఉన్న బిడ్డకు కదలడానికి చోటే ఉండదు.

పది నిమిషాల్లో చేసేది

తల్లి గోడకు ఆనుకుని, మోకాళ్ళు లేపి కూర్చుంటుంది. బాబు ఆమె తొడల మీద, ముఖాముఖి, నేల నుంచి సుమారు 40 డిగ్రీల వాలులో. తల మధ్యలో. కుడి భుజపు రెక్క వెనక రెండు వేళ్ళ మందం చుట్టిన తువ్వాలు. దానివల్ల భుజం ముందుకొచ్చి చెయ్యి బాబు కళ్ళకు కనిపిస్తుంది. టీవీ, ఫోను బంద్. ఎడమచేతికి తొడుగు.

పిడికిలి బిగిసి ఉంటే బొటనవేలి కొస పట్టి లాగకూడదు. కీలు సాగుతుంది, వేళ్ళు ఇంకా బిగుస్తాయి. మణికట్టును అరచేతి వైపు కొద్దిగా వంచితే వేళ్ళు వాటంతటవే వదులవుతాయి. అప్పుడు బొటనవేలి మొదట్లోని కండ దిమ్మను పట్టి బయటికి తిప్పాలి. చిటికెనవేలి అంచు నుంచి చేతి వెనక భాగం మీద మెత్తగా రెండుమూడుసార్లు రాయాలి. సాయం అంతవరకే.

బొమ్మ ఒక్కటే. కుడి భుజానికి, ముక్కుకు మధ్యలో, చేతికి నాలుగు వేళ్ళ దూరంలో చూపించి ఒకసారి శబ్దం చెయ్యాలి. తర్వాత కదపకుండా, మాట్లాడకుండా ఆగాలి. మనసులో ఇరవై లెక్కపెట్టమన్నాం. దెబ్బతిన్న వైపు నుంచి కదలిక బయలుదేరడానికి పది పదిహేను సెకన్లు పట్టడం మామూలే. పెద్దవాళ్ళు మూడో సెకనుకే బొమ్మ ఆడిస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, చప్పట్లు కొడతారు. బిడ్డ చూపు ముఖం మీదికి వస్తుంది, బయలుదేరబోయిన చెయ్యి ఆగిపోతుంది. మొదటి వారం వీడియోల్లో మేము ఎక్కువగా సరిదిద్దింది ఇదే.

ఇరవై దాటినా రాకపోతే బొమ్మను రెండు వేళ్ళ దూరానికి తేవాలి. అప్పటికీ రాకపోతే వేళ్ళ వెనక భాగానికి తాకించి మళ్ళీ ఆగాలి. బొమ్మ చేతి దగ్గరికి రావచ్చు, చేతిని తీసుకెళ్ళి బొమ్మ మీద పెట్టకూడదు. బాబు ముట్టుకున్న క్షణంలోనే శబ్దం, నవ్వు, మాట అన్నీ రావాలి. మూడుసార్లు వరసగా సులువుగా అందుకుంటే దూరం వేలెడు పెంచాలి. పదిసార్లలో ఏడెనిమిది అందితే స్థాయి సరిగ్గా ఉన్నట్టు. పదికి పదీ అందితే మరీ సులువు, నాలుగే అందితే మరీ కష్టం.

మొదటి విడతకు పెట్టుకున్న లక్ష్యాలు రెండే: ఛాతీ మీద వేలాడే బొమ్మను కుడిచేత్తో కావాలని తాకడం, చేతిలో పెట్టిన పిడిని పది సెకన్లు వదలకుండా పట్టుకోవడం. కాలికి విడిగా అరగంట పెట్టలేదు. డయపర్ మార్చిన ప్రతిసారీ కుడి పాదం కింద గరగరలాడే కాగితం పెట్టి తన్ననివ్వమన్నాం.

తప్పిన చోట్లు

తొడుగు వేసిన మొదటి మూడు రోజులు బాబు ఏడ్చాడు. తల్లి బొమ్మ కన్నా ముందే తొడుగు వేస్తోంది. చేతిలోది లాక్కున్నట్టు అనిపించడంతో ఏడుపు. క్రమం తిప్పాం: ముందు ఆట, కుడిచెయ్యి ఒకసారి తగిలాక ఆటలోనే తొడుగు. ఏడుపు రెండు నిమిషాలు దాటితే ఆ పూటకు తీసెయ్యాలి, ఏడుస్తూ చేసిన అరగంట లెక్కలోకి రాదు.

మూడో వారంలో బాబు అమ్మమ్మగారింటి నుంచి నాన్నగారింటికి మారాడు. ఐదు నెలలకు బిడ్డను అత్తవారింటికి పంపడం మన దగ్గర మామూలే. మొదటి రోజే ఆ తేదీ అడిగి ఉంటే నాయనమ్మకు ముందుగానే నేర్పేవాళ్ళం. ఏ కేసులోనైనా ప్రణాళిక వేసేముందు అడగాల్సిన ప్రశ్న ఇది. అక్కడ కొత్త చేతులు, కొత్త భయాలు. బాగున్న చేతికి ముసుగు వేసి బాగులేని చేతిని బాధపెడుతున్నారని నాయనమ్మకు అనిపించింది. ఐదు రోజులు శిక్షణ ఆగింది. మొదటి వారంలో తీసిన వీడియో, నిన్నటి వీడియో పక్కపక్కన చూపించాక ఆమే సాయంత్రం పూట తీసుకుంది. చాలా ఇళ్ళలో నాయనమ్మ ఒప్పుకోకపోతే తల్లి ఒక్కతే ఏమీ చెయ్యలేదు.

ఈ తల్లి విషయం కూడా రాయాలి. నాలుగో వారంలో, శిక్షణ లెక్క రాసుకునే ఆమె డైరీలో గీతలు ఆగిపోయాయి. రాత్రిళ్ళు నిద్ర లేదు, తన వల్లే ఇలా అయిందన్న దిగులు. గ్రహణానికి బయటికి వచ్చిందన్న మాట ఎవరో అన్నారు. ఈ స్ట్రోక్‌కు గ్రహణంతో, తిండితో, తల్లి చేసిన ఏ పనితోనూ సంబంధం లేదని డాక్టరు అత్తమామల ముందే చెప్పారు. ఆమెను కౌన్సెలర్‌కు చూపించాం, రెండు పూటలు తండ్రి, నాయనమ్మ పంచుకున్నారు. తల్లి మనసు బాగులేని ఇంట్లో ఏ హోమ్ ప్రోగ్రామూ సాగదు. ఇది చికిత్సలో భాగమే.

ఆరున్నర నెలలప్పుడు బాబు నిద్ర లేవగానే ఉలిక్కిపడుతున్నాడని ఫోను వచ్చింది. వెంటనే వీడియో తీసి పంపమన్నాం, ఆ రోజే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించాం. మూడు నుంచి పన్నెండు నెలల మధ్య, మెదడు దెబ్బతిన్న పిల్లల్లో ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అనే ఒక రకం ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. తల వాల్చి, చేతులు పైకి లేపి ముడుచుకోవడం, కొన్ని సెకన్ల ఎడంతో వరసగా పదీ ఇరవైసార్లు రావడం, ముఖ్యంగా నిద్ర లేవగానే. ఇంట్లో దిష్టి అంటారు, కడుపునొప్పి అంటారు, వారాలు గడిచిపోతాయి. గడిచే ప్రతి వారం మెదడుకు నష్టం. ఈ బాబు వీడియోలో మాత్రం ప్రతి ఉలికిపాటుకూ ముందు కుక్కర్ విజిలో తలుపు చప్పుడో ఉంది, వరసలు లేవు, ఈఈజీలో హిప్సారిథ్మియా (ఆ ఫిట్స్‌లో కనిపించే అస్తవ్యస్త తరంగాలు) లేదు. అనుకున్న ప్రణాళికే కొనసాగింది.

హైపర్‌బేరిక్ ఆక్సిజన్ (ఎక్కువ గాలి ఒత్తిడి ఉన్న గదిలో ఇచ్చేది), స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల గురించి బంధువులు సలహాలిచ్చారు. సెరిబ్రల్ పాల్సీకి మొదటిదానివల్ల మేలు ఉన్నట్టు నిలబడే రుజువు లేదు. రెండోదాన్ని మన దేశంలో అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప, డబ్బు తీసుకుని ఇవ్వకూడదని 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఆ డబ్బు మూడేళ్ళ థెరపీ ప్రయాణాలకు సరిపోతుంది.

విరామం, రెండో విడత

ఆరు నెలల నుంచి ఏడున్నర నెలల దాకా తొడుగు లేదు. ఈ కాలంలో రెండు చేతులూ తప్పక వాడాల్సిన ఆటలు: పన్నెండు సెంటీమీటర్ల మెత్తటి బంతి, చిన్న స్టీలు గిన్నె మూత, చింపడానికి కాగితం. బోర్లా ఉన్నప్పుడు ఎడమచేత్తో బొమ్మ అందుకునేలా పెట్టాం. అప్పుడు కుడిచెయ్యి బరువు మోయక తప్పదు.

రెండో విడతలో తిండి తోడైంది. ఏడున్నర నెలలకు కూర్చోగలుగుతున్నాడు, పెద్దవాళ్ళ కంచంలోకి చూస్తున్నాడు. వేలెడు పొడుగు ఇడ్లీ ముక్క, బాగా మగ్గిన అరటిపండు ముక్క కుడివైపు పెడితే ఏ బొమ్మకూ రానంత వేగంగా చెయ్యి వచ్చింది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, పక్కనే ఉండి, ఒక్కో ముక్కే పెట్టాలి. వేరుశెనగ, ద్రాక్ష, గట్టి బిస్కట్ వద్దు.

ఇక్కడే కుడిచేత్తో తినాలన్న పట్టింపు వచ్చింది. బాబు ఎడమచెయ్యి చాచినప్పుడల్లా తాతయ్య దాన్ని పక్కకు తోస్తున్నారు. మేము స్పష్టంగా చెప్పాం: శిక్షణ అరగంటలో తొడుగు ఉంది, ఇంకేం అనక్కర్లేదు. మిగతా వేళల్లో ఎడమచేత్తో తింటే తిననివ్వండి. రేపు అన్నం కలపడం, రాయడం ఆ చేత్తోనే చేస్తాడు. కుడిచెయ్యి కంచం పట్టుకుని సాయం చేసే చెయ్యి అవుతుంది. దాన్ని అంత మంచి సాయంగా తయారుచెయ్యడమే మన పని. ఈ మాట జీర్ణం కావడానికి ఇంట్లో కొన్ని వారాలు పట్టింది.

దూరం వల్ల వారం వారం రావడం కుదరలేదు. వారం విడిచి వారం సెంటర్‌లో, మధ్యలో వాట్సాప్ వీడియో. ఇలాంటి కుటుంబాలకు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద జిల్లాల్లో ఏర్పాటైన డీఈఐసీల్లో, అంటే పిల్లల లోపాలను తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే కేంద్రాల్లో, చికిత్స ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తారు.

ఫలితం

మొదటి విడతలో అనుకున్న 18 గంటల్లో పదమూడున్నర, రెండో విడతలో 15 జరిగాయి. కుడిచేతి మార్కులు నాలుగున్నర నెలలకు 5, ఆరుకు 10, ఏడున్నరకు 11, తొమ్మిదికి 15. ఎడమచేతివి 14, 19, 21, 23. ఎడమచెయ్యి ఎక్కడా వెనక్కి తగ్గలేదు. విరామంలో కుడిచెయ్యి ఒక్క మార్కే పెరగడం గమనించాల్సిందే, కానీ ఒకే బిడ్డను చూసి ఎదుగుదల వల్ల వచ్చిందెంత, శిక్షణ వల్ల వచ్చిందెంత అని విడదీయలేం. హామర్‌స్మిత్ మార్కు తొమ్మిదిన్నర నెలలకు 66. అసమానతలు ఏడు నుంచి ఆరుకే తగ్గాయి. అంటే పక్షవాతం పోలేదు. పోతుందని మేము ఎప్పుడూ చెప్పలేదు. మారింది వాడకం: తొమ్మిది నెలలకు బాబు తొడుగు లేకుండానే గిన్నెను ఎడమచేత్తో పట్టి, కుడిచేతి నాలుగు వేళ్ళతో మూత గీరి తెరిచాడు. మొదటి రోజు తనకు ఆ చెయ్యి ఉందన్నట్టే లేడు. బొటనవేలు బయటికి వచ్చింది గానీ చూపుడువేలితో కలిపి చిన్న వస్తువును గిల్లి పట్టడం రాలేదు. ఆ పట్టు పూర్తిగా వస్తుందని ఆశపెట్టలేదు.

పదకొండో నెలలో పట్టుకుని నిలబడ్డాడు, పదహారో నెలలో ఒంటరిగా నడిచాడు. నడక మొదలయ్యాక కుడి మడమ నేలకు ఆనడం తగ్గింది. మోకాలు చాచి పెట్టినప్పుడు పాదం పైకి వంగే కోణం 15 డిగ్రీల నుంచి 5కు పడిపోయింది. మూడు మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్‌తో, చీలమండ దగ్గర కీలున్న ఏఎఫ్‌ఓ (పాదాన్ని, చీలమండను సరైన కోణంలో ఆపే తొడుగు) చేయించాం. నడిచే వేళల్లోనే వేసుకోవాలి, కింద కాటన్ మేజోడు, తీశాక ఇరవై నిమిషాల్లో పోని ఎర్రటి మచ్చ ఉంటే మర్నాడే సరిచేయించాలి. చక్రాల వాకర్ కొంటామంటే వద్దన్నాం. అందులో పిల్లలు మునివేళ్ళ మీద నెట్టుకుంటారు, మడమ ఇంకా లేస్తుంది, దొర్లిపడే ప్రమాదం సరేసరి. పన్నెండో నెలలో తీసిన తుంటి ఎక్స్‌రే బాగుంది.

ఇప్పుడు బాబుకు పద్దెనిమిది నెలలు. రోజుకు అరగంట రెండు చేతుల ఆటలు సాగుతున్నాయి. రెండేళ్ళు నిండాక తొడుగుతో ఇంకో విడత చెయ్యాలని ఉంది, అప్పుడు ఆట కథలా ఉండాలి, తొడుగు చేతి బొమ్మ కావాలి. దెబ్బ ఎడమ సగానికి కాబట్టి మాటల పరీక్ష ఈ నెలలోనే పెట్టాం. ప్రస్తుతం అమ్మ, తాత, బువ్వ సహా ఎనిమిది మాటలు అంటున్నాడు. కంటి డాక్టరుకు ఏడాదికోసారి, మడమ కోణం మూడు నెలలకోసారి. ఫిట్స్ మళ్ళీ రావచ్చు. జ్వరం వచ్చినా రాకపోయినా కుడివైపు కొట్టుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే డాక్టరు రాసిచ్చిన మిడజోలామ్ ముక్కు స్ప్రే కొట్టి ఆసుపత్రికి బయలుదేరాలి. ఆ స్ప్రే ఎక్కడుందో తాతయ్యతో సహా ఇంట్లో అందరికీ తెలుసు.